గాలికి తాళము

తంతిలేని వార్త గోడలు దాటి పోవును. దగ్గరనున్నవారెవరైనను దానిని వినవచ్చును. 1903 జూన్‌లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫ్లెమింగు మార్కోని పద్ధతిని ప్రదర్శింపబోవుచుండగా, మాస్కెలైన్ అను ఇంద్రజాలికుడు సమీపమునుండి సంకేతములు పంపి యంత్రమున పరిహాసవాక్యములు చొప్పించెను. ఒకే తరంగమునకు శ్రుతిచేసిన యంత్రముల నడుమ వార్త రహస్యముగ నుండునను ప్రచారమును ఖండించుటయే అతని ఉద్దేశము.

ఇండ్లలోని వైఫై కూడ తంతిలేని వార్తయే. 1997లో దానికి ఏర్పడిన తొలి రక్షణ ‘వెప్’. అందు ప్రతి సందేశఖండమునకు ఇంటి రహస్యపదముతో 24 బిట్ల సంఖ్య నొకదానిని చేర్చి తాళపుచెవిని మార్చుచుండిరి. అట్టి సంఖ్యలు 1,67,77,216 మాత్రమే. రాకపోకలు అధికమైనచో కొన్నిగంటలలోనే పాతవి మరల వచ్చును. పైగా ఈ కూర్పువలన రహస్యపదమే బయటపడునని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ చూపిరి.

2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చి ఆ లోపమును తీర్చినవి. అయినను, పరికరము వైఫైతో కలియునపుడు సాగు సంకేతములను పట్టుకొన్నవాడు, తరువాత తీరికగా లక్షలకొలది పదములను సరిచూచుకొనగలడు. పొట్టి పదము దొరకిపోవును. 2018 నాటి డబ్ల్యూపీఏ3 ఆ అవకాశమును తొలగించుటకై పుట్టినది.

కావున తాళము మారినంతమాత్రమున చాలదు. ఇంటివారు పొడవైన, ఊహింపరాని రహస్యపదమును ఏర్పరచుకొని, యంత్రమునకు వచ్చు సవరణలను వెంటనే చేర్చుకొనవలెను.