నిప్పు తగులని రొట్టె

పొయ్యి ముట్టింపక రొట్టె తిన్న తృప్తి పొందవచ్చునా? 1929లో గాంధీజీ ఈ ప్రశ్నను తమ దేహముమీదనే పరీక్షించి చూచిరి. ఆ తలపునకు ఊతమిచ్చినది మన రాజమహేంద్రవరమని చదివినప్పుడు మేము కొంత గర్వించితిమి. ఆంధ్ర పర్యటనలో అచ్చటి ప్రకృతి వైద్యులు సుందరం గోపాలరావుగారు, రోగము తొలగవలెనన్న వంటలో నిప్పునే మానవలెనని చెప్పిరట. మే నెలలో ప్రయోగము మొదలాయెను.

రొట్టెకు మారు గోధుమ మొలకలు. గింజలను ఒక దినము నీట నానవైచి, మరియొక దినము తడిగుడ్డలో కట్టియుంచిన మొలకలెత్తును. దినమునకు 8 తులములు, అనగా సుమారు 93 గ్రాములు. అంతే బాదం ముద్ద, అంతే నూరిన ఆకుకూర, నిమ్మపండ్లు, తేనె. పండ్లు గట్టిగా లేనివారు మొలకలను నూరుకొనవలెను. ఆ ముద్దను రొట్టె యని నాలుకకు నచ్చచెప్పుట సులభమా!

అయినను గాంధీజీ ఆశ చిన్నది కాదు. ఇట్టి భోజనమున ఖర్చు తగ్గును, స్త్రీలకు వంటచాకిరి తప్పును అని ‘యంగ్ ఇండియా’లో వ్రాసిరి. మా యింటి ఆడవారికి ఈ మాట వినిపింపగా, నూరువారెవరని అడిగిరి.

ఆగస్టులో జిగట విరేచనములు పట్టుకొనగా గాంధీజీ పాలు పెరుగులకు మరలిరి. ఆ సంగతిని పాఠకులకు దాచలేదు.