మన పని, మన చరిత్ర - 11: చెప్పు కుట్టిన చేయి, బూటు లేని కాలు



ఈ భాగంలో బూటు గురించి మాట్లాడుకుందాం. బిల్డింగ్ పని చేసే మనిషి కాలికి ఉండాల్సిన బూటు. ఇందులో చరిత్ర ఏముందని కొందరు అడగొచ్చు. పొద్దున్నే అడ్డా మీద నిలబడేవాళ్లలో మన అమ్మానాన్నలు ఉన్నారు. సెలవుల్లో సెంట్రింగ్ పనికి పోయి ఫీజు కట్టుకునే విద్యార్థులు ఈ పోస్టు చదివేవాళ్లలోనే ఉన్నారు. వాళ్ల కాలి కింద మేకు, కాలి చుట్టూ తడి సిమెంటు, నెత్తి మీద ఇటుకల తట్ట. కాలికేమో హవాయి చెప్పులు. వాళ్లకు బూటు ఎందుకు లేదన్నది చరిత్ర ప్రశ్నే.

కుట్టింది ఎవరు, తొడిగింది ఎవరు

మన ఊళ్లలో తోలు పని మాదిగలది. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు ఒలిచి, సున్నం నీళ్లలో నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో రోజుల తరబడి ఉంచితే, కుళ్లిపోవాల్సిన చర్మం ఏళ్ల తరబడి నిలిచే తోలయ్యేది. బెరడులోని టానిన్ చర్మంలోని ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అందుకే తోలు కుళ్లదు. ఇది కెమిస్ట్రీ. లంద దగ్గర దాన్ని వందల ఏళ్లు నడిపినవాళ్లకు మాత్రం ఊరు పెట్టిన పేరు అంటరానివాళ్లు.

ఆ తోలు లేకుండా వ్యవసాయం లేదు. బావిలోంచి నీళ్లు తోడే మోటకు తోలు కావాలి, ఎడ్లకు పట్టెడలు కావాలి, దొరకు కిర్రు చెప్పులు కావాలి. నిజాం కాలపు తెలంగాణలో ఇవన్నీ వెట్టి కింద పోయేవి. దొర కుటుంబానికి చెప్పులు, సేద్యానికి తోలు సామాను మాదిగలు ఉచితంగా ఇచ్చుకోవాలి. అలా కుట్టిచ్చినవాడే దొర గడీ ముందు నుంచి పోవాలంటే తన చెప్పులు చేత పట్టుకోవాలి. తెలంగాణలోనే కాదు, రాయలసీమలో, కోస్తాలో కూడా పెద్దకులాల వీధిలో చెప్పులతో నడిచినందుకు దెబ్బలు తిన్న పెద్దవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

ఇదంతా పాత కథ అనేవాళ్లకు ఒక చట్టం గుర్తు చేయాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. బహిరంగ ప్రదేశంలో దళితులు, ఆదివాసీలు చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా, సైకిలో మోటారు సైకిలో ఎక్కకుండా అడ్డుకోవడాన్ని అందులో నేరంగా రాశారు. చెప్పులు వేసుకునే హక్కు గురించి పార్లమెంటు 2015లో రాయాల్సి వచ్చింది. ఊళ్లు ఎంత మారాయో దీన్ని బట్టి అంచనా వేసుకోండి.

సిపాయికి బూటు, కూలీకి మట్టి

ఈ దేశంలో బూట్లు భారీగా తయారవడం బ్రిటిష్ సైన్యం కోసం మొదలైంది. 1857 తిరుగుబాటు తర్వాత కాన్పూరులో సైన్యానికి జీన్లు, పట్టీలు చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత కూపర్ అలెన్ వంటి కంపెనీలు వచ్చి సైన్యానికి బూట్లు కుట్టించాయి. పనిచేసిన చేతుల్లో ఎక్కువ భాగం అక్కడి చమార్లవి. ఆగ్రా బూటు జాతవుల చేతి పని. 1930లలో బాటా కంపెనీ కలకత్తా దగ్గర బాటానగర్ కట్టింది.

సైన్యానికి బూటు కావాలని సర్కారుకు తెలుసు. అదే సర్కారు రైలు కట్టలు పోయించింది, ఆనకట్టలు కట్టించింది, రాళ్లు కొట్టించింది. ఆ కూలీకి బూటు కావాలన్న ఆలోచన మాత్రం దానికి రాలేదు. స్వతంత్రం వచ్చాక పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పుగా మారింది. ఆ అప్పు లెక్కలో వాళ్ల కాళ్ల మాట ఎక్కడా లేదు.

లిన్ పట్టణంలో ఒక నల్లవాడు

ఇక్కడ మనం తెలుసుకోవాల్సిన మనిషి ఒకరున్నారు. పేరు యాన్ ఎర్న్‌స్ట్ మాట్జెలిగర్. 1852లో దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో పుట్టాడు. అప్పటికి అది డచ్చి వలస, అక్కడ బానిసత్వం నడుస్తూనే ఉంది. తండ్రి డచ్చివాడు, తల్లి నల్ల స్త్రీ. యువకుడిగా అమెరికా చేరి, మాసచుసెట్స్‌లోని లిన్ అనే బూట్ల పట్టణంలో ఫ్యాక్టరీ పనికి కుదిరాడు. నల్లవాడని అక్కడి చర్చీలు కొన్ని అతన్ని చేర్చుకోలేదు.

బూటు తయారీలో అప్పటికి చాలా పనులకు మిషన్లు వచ్చాయి. ఒక్క పని మిగిలింది. పై తోలును కాలి అచ్చు మీద లాగి, ముడతలు సర్ది, అడుగు సోలుకు బిగించడం. చేయి తిరిగిన పనివాడు రోజంతా కష్టపడితే 50 జతలు. మనిషి వేళ్లు తప్ప ఏ మిషనూ ఈ పని చేయలేదని అందరూ అనేవాళ్లు. మాట్జెలిగర్ రాత్రిపూట ఇంగ్లీషు నేర్చుకున్నాడు, చెత్త చెక్కలతో, తీగలతో నమూనాలు చేశాడు. 1883లో పేటెంట్ సంపాదించాడు. ఆ మిషన్ రోజుకు 700 జతల దాకా బిగించగలిగింది. బూట్ల ధర దాదాపు సగానికి పడింది. పేదవాడు బూటు కొనగలిగాడు.

అతనికి ఏం మిగిలింది? పెట్టుబడి పెట్టినవాళ్లకు హక్కుల్లో పెద్ద వాటా పోయింది. క్షయతో 1889లో పోయాడు. వయసు 36.

ప్రపంచానికి చౌక బూటు ఇచ్చింది ఒక నల్ల కార్మికుడు. మన ఊరికి చెప్పు ఇచ్చింది మాదిగ. వీళ్లిద్దరి పేరూ మన పాఠ్యపుస్తకాల్లో నాకు కనపడలేదు. మీకు కనపడితే చెప్పండి.

వేలికి ధర పడినప్పుడు

ముందు భాగంలో ఉక్కు తొడుగు ఉన్న పని బూట్లు 1930లలో అమెరికాలో మార్కెట్టుకు వచ్చాయి. యజమానుల మనసు కరిగి కాదు. ప్రమాదం జరిగితే యజమాని నష్టపరిహారం కట్టాలనే చట్టాలు అంతకు ముందు 20 ఏళ్లలో ఒక్కో రాష్ట్రంలో వచ్చాయి. వేలు తెగితే డబ్బు కట్టాలి కాబట్టి బూటు చౌక అనిపించింది.

మన దేశంలో ఆ చట్టం 1923లోనే వచ్చింది. దాని షెడ్యూలు తీసి చూడండి. కాలి బొటనవేలు మొదలంటా పోతే సంపాదన శక్తిలో నష్టం 14 శాతం. మరో వేలు పోతే 3 శాతం. అంటే మన వేళ్లకూ లెక్క ఉంది. అడ్డా కూలీకి పని చీటీ లేదు, హాజరు పుస్తకంలో పేరు లేదు, కాబట్టి ఆ లెక్క అతని దాకా రాదు. వేలు పోయినవాడు ఆసుపత్రి ఖర్చు మేస్త్రీ దగ్గర అప్పు తీసుకుంటాడు.

1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. 1998 కేంద్ర నిబంధనల్లో స్పష్టంగా ఉంది: నీళ్లలో, తడి కాంక్రీటులో పనిచేసే కార్మికుడికి నీళ్లు దిగని బూట్లు ఇవ్వాలి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది. భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని అది కూడా చెబుతుంది.

జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ పోయినవాళ్లను అడగండి. పెద్ద సైట్లలో సేఫ్టీ షూ లేకుంటే గేటు దాటనివ్వరు. అక్కడి కష్టాలు అక్కడ ఉన్నాయి, అది వేరే భాగం. కానీ అదే మనిషి, అదే కాలు. అక్కడ బూటు లేకుండా నడవని పని, ఇక్కడ ఎలా నడుస్తోంది?

కొనాల్సి వస్తే ఏది కొనాలి

బూటు ఇవ్వాల్సింది యజమాని. అడిగి సాధించేదాకా కాలు ఆగదు కాబట్టి, కొనేవాళ్లకు నాలుగు మాటలు.

1. గుర్తు చూడండి. ఐఎస్ఐ ముద్ర, దాని దగ్గర ఐఎస్ 15298 అనే నంబరు ఉండాలి. ఇందులో 2వ భాగం అసలు సేఫ్టీ షూ: 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి వేళ్ల మీద పడినంత దెబ్బకు తట్టుకోవాలి. 3వ భాగం అందులో సగం దెబ్బకు. 4వ భాగానికి వేళ్ల దగ్గర తొడుగే ఉండదు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. లైసెన్సు నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు.

2. సెంట్రింగ్, కూల్చివేత పనుల్లో అసలు శత్రువు మేకు. సోలు మధ్యలో మేకు దిగకుండా ఉక్కు రేకు ఉన్నది అడగండి. దానికి ఇంగ్లీషు 'పి' అక్షరం ఉంటుంది.

3. సోలు. పీవీసీ చౌక, బరువు, తడిలో జారుతుంది. పీయూ తేలిక, రోజంతా నడవొచ్చు, కానీ ఏళ్ల తరబడి గోదాములో పడి ఉంటే పొడిపొడిగా రాలిపోతుంది. తయారీ తేదీ చూడకుండా కొనొద్దు. వేడి తారు పనికి రబ్బరు సోలు.

4. స్లాబ్ పోసే రోజు తోలు బూటు వద్దు, గంబూట్లు కావాలి. తడి సిమెంటు ఘాటైన క్షారం. చర్మాన్ని కాలుస్తుంది, తోలునూ తినేస్తుంది. తోలు బూటు మీద సిమెంటు పడితే అదే సాయంత్రం తుడిచి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెట్టొద్దు.

5. కాళ్లు కొంచెం ఉబ్బి ఉండే సాయంత్రం పూట, మేజోళ్లతో తొడిగి చూసి కొనండి. ఆడవాళ్లకు తమ కొలత దొరకడమే కష్టం. షాపుల్లో ఎక్కువగా మగవాళ్ల సైజులే ఉంటాయి. స్లాబ్ మీద తట్ట మోసేది మాత్రం ఆడవాళ్లే.

ఇంకో లెక్క. 600 రూపాయల జత 4 నెలల్లో చిరిగితే ఏడాదికి 1800. 1200 జత ఏడాది నడిస్తే 1200. ఎక్కువ పెట్టేది పేదవాడే, ఎందుకంటే ఆ 1200 ఒక్కసారి అతని చేతిలో ఉండవు.

మనం అడగాల్సింది

నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు కార్మిక సంక్షేమ బోర్డుకు పోతుంది. ఆ డబ్బు నిర్మాణ కార్మికులది. గత 12 నెలల్లో 90 రోజులు పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు ఎవరైనా బోర్డులో పేరు రాయించుకోవచ్చు. మరోపక్క తోలు పని తెలిసిన మన కులాల కోసం ఉమ్మడి రాష్ట్రంలో లిడ్‌క్యాప్ పెట్టారు. తోలు కుట్టే చేతులు మన దగ్గర ఉన్నాయి. బూటు కావాల్సిన కాళ్లూ మన దగ్గరే ఉన్నాయి. సెస్సు డబ్బుతో, తోలు కార్మికుల సహకార సంఘాల చేత, ఐఎస్ఐ ప్రమాణంతో, ఆడవాళ్ల సైజులు కూడా కలిపి సేఫ్టీ బూట్లు చేయించి, పేరు నమోదైన ప్రతి కార్మికుడికీ ఏడాదికి ఒక జత ఇవ్వమని అడుగుదాం.

విద్యార్థి సంఘాల మిత్రులు ఈ వారం ఒక పని చేయండి. మీ దగ్గరి అడ్డాకు పోయి 20 మందిని అడగండి: బోర్డు కార్డు ఉందా, బూటు ఎవరైనా ఇచ్చారా, కాలికి ఎప్పుడు ఏమైంది? పేర్లు లేకుండా రాసి పంపండి. వినతిపత్రం వాటితోనే మొదలుపెడదాం.

12వ భాగంలో బట్టలు ఉతికే చాకలి రేవు గురించి.

జై భీమ్.