కరోడ్గిరి నాకా దాటిన పత్తి: రాయచూరు ఎగుమతుల చరిత్ర

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేదికి సముద్రం ఏ వైపు చూసినా దూరమే. రెండు పెద్ద నదులున్నా వాటి అడుగంతా బండలు. రేవు దాటడానికి పుట్టి పనికొచ్చేది గాని సరుకును సముద్రం దాకా చేర్చడానికి ఆ నీళ్లు అక్కరకొచ్చేవి కావు. నల్లరేగడిలో పండే జొన్న ఇంటి తిండికి, పత్తి అమ్మకానికి. 1948 దాకా ఇది నైజాం రాజ్యపు సరిహద్దు జిల్లా. విస్తీర్ణంలో ఆ రాజ్యం ఇంగ్లండు కంటే పెద్దదే. సొంత నాణెం, సొంత సుంకాల శాఖ కూడా ఉన్నాయి. సొంత రేవు మాత్రం లేదు. ప్రపంచ విపణిలో దాని స్థానం చిన్న దేశానిదే: పండించిన సరుకుకు ధర కట్టేది ఇంకెవరో.

రైలుకు ముందు ఈ ప్రాంతంలో రవాణా ఎంత కష్టమో రాయచూరు కోట గోడే చెబుతుంది. 1294లో గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు కట్టించిన ఈ కోటలో 41 అడుగుల పొడవున్న ఏకశిల ఒకటి ఉంది. దాన్ని ఎలా తెచ్చారో అక్కడే చెక్కారు. బండి మీద రాయి, బండి ముందు వరసగా దున్నపోతులు, వాటిని అదిలించే మనుషులు, వెనక చక్రాలకు సన్నలు వేసి నెట్టేవాళ్లు. రాజు తలచుకుంటే రాయి కదిలింది. పత్తి వ్యాపారికి అంతమంది మనుషులు, అన్ని పశువులు ఎక్కడివి? బంజారాల ఎద్దుల వీపు మీదా, బండ్ల మీదా దుమ్ము పట్టుకుంటూ పత్తి వారాల తరబడి నడిచేది.

అంతర్వేది కోసం జరిగిన పెద్ద యుద్ధానికీ వ్యాపారంతో ముడి ఉంది. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసిన వృత్తాంతం ప్రకారం, శ్రీకృష్ణదేవరాయలు గోవాలో గుర్రాలు కొనమని తన కొలువులోని సీదీ మర్కార్‌కు 40,000 పర్దావులు ఇచ్చి పంపాడు. అతడు ఆ సొమ్ముతో బీజాపూరు సుల్తాను పంచన చేరాడు. 1520 నాటి రాయచూరు యుద్ధానికి ఆ వృత్తాంతం చెప్పే కారణం ఇదే. న్యూనిజ్ గుర్రాల బేరగాడు కాబట్టి కథలో గుర్రాలకు కాస్త ఎక్కువ చోటు దొరికి ఉండవచ్చు. అయినా గుర్రాల కోసం ఒక రాజ్యం రేవు చేతిలో పెట్టుకున్నవాడి మీద ఎంతగా ఆధారపడిందో అందులో కనిపిస్తుంది.

అసలు ఎగుమతి కథ పత్తితో మొదలవుతుంది. హైదరాబాదు కంటింజెంటు సైన్యం బాకీల కింద 1853లో ఈస్టిండియా కంపెనీ బేరారుతో పాటు అంతర్వేదిని కూడా తీసుకుంది. 1857 తిరుగుబాటులో నిజాం తమ పక్షాన నిలిచినందుకు 1860లో బ్రిటిష్ ప్రభుత్వం అంతర్వేదిని తిరిగి ఇచ్చింది. మరుసటి ఏడాదే అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. లాంకషైరు మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయి బొంబాయిలో ధరలు ఆకాశానికి ఎక్కాయి. యుద్ధం 1865లో ముగిసింది, ధరలూ కూలాయి. బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి వచ్చిన మద్రాస్ రైల్వే రాయచూరులో కలిసింది 1871లో. గిరాకీ కాలం ముగిసిన ఆరేళ్లకు గిరాకీ తీర్చే దారి వచ్చిందన్నమాట.

ఆలస్యంగా వచ్చినా రైలు ఊరి తీరు మార్చేసింది. ఒకే పట్టాల మీద అటు బొంబాయి, ఇటు మద్రాసు. స్టేషను చుట్టూ జిన్నింగు మిల్లులు, బేళ్లు కట్టే ప్రెస్సులు, దలాలీ మీద అమ్మిపెట్టే అడ్తీ దుకాణాలు వెలిశాయి. దుకాణాల్లో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి నడిచేవి. కానీ రైలు ఛార్జీలు లోపలి ఊళ్ల మధ్య వ్యాపారానికి కాక రేవుకు పోయే సరుకుకు అనుకూలంగా ఉండేవి. ముడిపత్తి పోవడం తేలిక, గుడ్డ దిగడం తేలిక. ఇక్కడే గుడ్డ నేసి పక్క సీమకు అమ్మడం కష్టం.

దీని మీద కరోడ్గిరి ఒకటి. నిజాం రాజ్యపు సుంకాల శాఖ పేరు అది. కంపెనీతో 1802లో జరిగిన వాణిజ్య ఒప్పందం నాటి నుంచి పరిపాటిగా వచ్చిన రేటు 5 శాతం. సరుకు లోపలికి వచ్చినా, బయటికి పోయినా నాకా (సుంకం వసూలు చేసే గేటు) దగ్గర కట్టాల్సిందే. ఎగుమతి సుంకాన్ని కొనేవాడే భరిస్తాడని అనుకోవడం పొరపాటు. బొంబాయిలో పత్తి వంద రూపాయలనుకుంటే, రాయచూరు నుంచి వచ్చిందని అక్కడ ఎవరూ నూట ఐదు ఇవ్వరు. ఆ ఐదూ, రైలు ఛార్జీ, అడ్తీదారు దలాలీ, అన్నీ కింది నుంచి కోతపడి రైతుకు మిగిలిందే ధర. నాణెం చిక్కు వేరే ఉంది. నిజాం హాలీ సిక్కాలో 116 రూపాయల 10 అణాల 8 పైలు ఇస్తే 100 బ్రిటిష్ రూపాయలు. నూటపదహార్ల కట్నం ఈ లెక్కలోంచే పుట్టిందని చెప్పే కథ ఒకటి ఉంది. దాన్ని కథగా వినడమే మేలు.

ధర బయటిదైతే పేరూ బయటిదే. ధార్వాడ వైపు పత్తికి అది ఓడ ఎక్కిన కుమటా రేవు పేరు పడి కుంప్తా అయింది. బళ్లారి, కర్నూలు, రాయచూరు ప్రాంతాల పొట్టిపింజ పత్తి వ్యాపారంలో వెస్టర్న్స్ అయింది. రాయచూరు పత్తి అంటూ ఒక పేరు నిలబడి ఉంటే నాణ్యత కాపాడుకోవాలన్న పట్టుదల ఉండేదేమో. దారిలో నీళ్లు చల్లడం, నాసిరకం కలపడం దేశమంతా ఉన్న జబ్బే. కల్తీని అరికట్టడానికి బ్రిటిష్ ఇండియా 1923లో పత్తి రవాణా చట్టం, 1925లో జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టం తెచ్చింది. నైజాం రాజ్యంలో 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది.

లాంకషైరుకు పొడవు పింజ కావాలి కాబట్టి భారతదేశపు పొట్టిపింజకు క్రమంగా జపాను పెద్ద గిరాకీదారైంది. 1933లో బ్రిటిష్ ఇండియా విదేశీ గుడ్డ మీద సుంకం పెంచితే, జపాను మిల్లులు భారతీయ పత్తి కొనడం మానేశాయి. 1934 ఆరంభంలో ఒప్పందం కుదిరే దాకా ఆ బహిష్కారం సాగింది. ఢిల్లీ, ఒసాకాల తగవు సెగ ఆ రెండు ఊళ్లనూ ఎన్నడూ చూడని పత్తి రైతుకు తగిలింది. చివరి రోజుల్లో నిజాం ప్రభుత్వం రేవు కోసం పోర్చుగీసు మర్మగోవా మీద కన్నేసింది గాని అది దక్కలేదు. 1948 తర్వాత నాకాలు, హాలీ సిక్కా క్రమంగా పోయాయి. 1956లో గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు, మిగిలిన రాయచూరు మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి.

సరుకు మారింది తుంగభద్ర నీళ్లతో. 1945లో పునాది పడిన ఆనకట్ట నుంచి 1953లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువను జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటల లెక్కన గీశారు. వరికి కేటాయించింది కొంచెమే. ఈలోగా కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ ఎన్నో ఎకరాలు కొన్నారు. సింధనూరు, మాన్వి చుట్టూ వారి ఊళ్లకు క్యాంపులని పేరు. సంక్రాంతికి ముగ్గులు, వీధిలో తెలుగు, బస్సు బోర్డు మీద కన్నడం. వాళ్లకు తెలిసిన పంట వరి. కాలువ మొదట్లో ఉన్నవాళ్లు దాన్నే వేశారు. చేను ఎంత తడిస్తే కాలువ చివర అంత ఎండింది.

బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204 వరి వంగడం, సోనా మసూరి అన్న వ్యాపార నామం ఈసారి రాయచూరు బియ్యాన్ని ఓడ ఎక్కించాయి. కొనేది ఎక్కువగా అమెరికా, గల్ఫ్, సింగపూరుల్లోని తెలుగు, కన్నడ, తమిళ కుటుంబాలు. పాత బియ్యమా, నూకలెంత, గింజ సన్నమా అని అడిగే బేరం అది. అయితే బాస్మతికి ఉన్న చట్టబద్ధమైన నిర్వచనం దీనికి లేదు. సర్కారు దస్త్రంలో ఇది వట్టి 'బాస్మతేతర బియ్యం'. అందుకే 2023 జులై 20న కేంద్రం బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతి ఆపినప్పుడు చవక బియ్యంతో పాటు ఇదీ ఆగింది. అమెరికాలో తెలుగువాళ్లు దుకాణాల ముందు వరుస కట్టి బస్తాలు ఎత్తుకుపోయారు. ఆ దుకాణాల్లో పెరిగిన ధర రాయచూరు మిల్లుకు చేరే దారి మూసుకుపోయింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం వాటా ఉన్న దేశం గేటు వేస్తే ప్రపంచ ధర కదులుతుంది. గేటు లోపలి జిల్లాకు మాత్రం ఆ బలంలో వాటా లేదు. నిషేధం 2024 సెప్టెంబరులో తొలగింది.

ఆనకట్టలో పూడిక పేరుకుని, తొలినాళ్లలో 133 టీఎంసీలున్న నిల్వ 105 చిల్లరకు దిగింది. నీరందని చివరి పొలాల్లో పత్తి నిలిచింది, 2002 తర్వాత బీటీ విత్తనంతో మరింత విస్తరించింది. రాయచూరు మార్కెట్ యార్డుకు గద్వాల వైపు నుంచి కూడా పత్తి బండ్లు వస్తాయి. 2021లో విదేశీ పత్తిపై కేంద్రం 11 శాతం దిగుమతి సుంకం వేసింది. 2025 ఆగస్టులో, కొత్త పంట యార్డుకు రాబోతుండగా, దాన్ని తాత్కాలికంగా ఎత్తేసింది.