ఊరు విడిచిన గుర్రాలు

నా చిన్నప్పుడు మా కాడెద్దును అప్పు కింద షావుకారు తోలుకుపోయాడు. ఖాళీ గుంజ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఇంగ్లండు పల్లెల్లోని గుర్రాల సంగతి చదివినప్పుడు ఆ గుంజే గుర్తొచ్చింది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి బ్రిటిష్ సైన్యం దగ్గర సుమారు 25,000 గుర్రాలే ఉన్నాయి. పన్నెండు రోజుల్లో అవి 1,65,000 అయ్యాయి. పొలం దున్నే గుర్రాలకూ, బండి లాగే గుర్రాలకూ అధికారులే ధర కట్టి తోలుకుపోయారు. రైతు కాదనడానికి వీల్లేదు. రోజూ మేత వేసి, పేరు పెట్టి పిలిచిన పిల్లవాడిని అడిగిందెవరు?

లాంకషైర్‌లో ముగ్గురు పిల్లలు మాత్రం యుద్ధమంత్రి కిచెనర్‌కు ఉత్తరం రాశారు. ఇప్పటికే రెండు గుర్రాలు ఇచ్చామనీ, తమవాళ్లు ముగ్గురు నౌకాదళంలో ఉన్నారనీ, చూలుతో ఉన్న పదిహేడేళ్ల బెట్టీని వదిలేయమనీ వేడుకున్నారు. భుజం దగ్గర ఐదడుగులకు తక్కువున్న గుర్రాలను తీసుకోబోమని జవాబు వచ్చింది. పొట్టి బెట్టీ దక్కింది.

మిగిలినవాటికి ఆ అదృష్టం లేదు. గుండ్లకే కాదు, ఆకలికీ చలికీ బురదకూ జబ్బుకూ లక్షల గుర్రాలు చచ్చాయి. బతికినవాటిలో చాలావాటిని అక్కడే అమ్మేశారు. కొన్ని కసాయి పాలయ్యాయి.

ఉత్తరం ఉంది కాబట్టే బెట్టీ పేరు మనకు తెలిసింది. రాయని పిల్లల గుర్రాలు లెక్కలో అంకెలుగానే మిగిలాయి. మన గూడేల కథా అంతే. మీ తాతనడగండి, ఆయన ఎడ్ల పేర్లేమిటో, అవి ఎలా పోయాయో. విని రాసిపెట్టండి.