విద్యుదాఘాతం

శరీరం గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు కలిగే హాని విద్యుదాఘాతం. వాడుకలో కరెంట్ షాక్. హాని తీవ్రతను నిర్ణయించేది ప్రధానంగా ఆంపియర్లలో కొలిచే ప్రవాహం, అది సాగిన దారి, పట్టిన సమయం. వోల్టేజి ఆ ప్రవాహాన్ని నెట్టే ఒత్తిడి.

ఇళ్లకు వచ్చే 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు 1 మిల్లీ ఆంపియరు దగ్గర చేతికి చిమచిమగా తెలుస్తుంది. 10 దాటితే ముంజేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదలలేం. 'కరెంటు పట్టేసుకుంది' అని జనం అనేది దీన్నే. నిజానికి పట్టు వీడనిది మన చెయ్యే. ఛాతీ కండరాలు బిగుసుకుంటే ఊపిరాడదు. 50-100 మిల్లీ ఆంపియర్లు ఛాతీ మీదుగా ఒకట్రెండు సెకన్లు పారినా గుండె జఠరికలు లయ తప్పి, రక్తాన్ని తోడలేక ఊరికే అదురుతూ ఉండిపోవచ్చు.

పొడి చర్మం నిరోధం వేల ఓమ్‌లలో ఉంటుంది. తడిస్తే శరీర నిరోధం సుమారు 1000 ఓమ్‌లకు పడిపోతుంది. అప్పుడు 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు. తడి మడిలో నిలబడి, ఎర్తింగు లేని మోటారు స్టార్టరు డబ్బాను ముట్టుకున్న రైతు చిక్కుకునేది సరిగ్గా ఈ లెక్కలోనే.

హైటెన్షన్ తీగ తగిలితే పైకి చిన్న మచ్చే కనిపించినా లోపల కండరం ఉడికిపోయి ఉండొచ్చు. దాన్నుంచి వెలువడే మయోగ్లోబిన్ అనే ప్రొటీను మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

బాధితుణ్ని ముట్టుకునే ముందు మెయిన్ ఆపాలి. శ్వాస లేకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి.