మరక్కాయర్ అను పేరు

పుదుచ్చేరి పట్టణమునందలి కోసపాళయము, పేరును బట్టి చూడగా, కుమ్మరుల పాళెమని తోచును. తమిళమున కుశవన్ అనగా కుమ్మరి. జనుల నోట అది కోసవన్. అతడు చేయు మట్టిపాత్రకు ఆ భాషలో ‘కలము’ అని పేరు. ఈ చిన్నమాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ తీరపు ముస్లిముల ఇంటిపేరొకదాని పుట్టుకను విచారించునపుడు దీనితో పని కలుగును.

ఆ ఇంటిపేరు మరక్కాయర్. మనవారు ప్రళయకావేరి యనెడి పులికాటు మొదలుకొని నాగూరు, కారైకాలు, కీళక్కరై వరకు ఓడవర్తకము చేసిన ముస్లిముల పేరది. ఉమరుప్పులవరును పోషించిన సీదక్కాది మరక్కాయరే. మలయాళదేశమున ఇదే మరక్కార్. సామూతిరి నౌకాదళమును నడపి, 1600లో గోవాయందు పోర్చుగీసువారిచే శిరచ్ఛేదము పొందిన నాలుగవ కుంజాలి ఆ పేరుగలవాడే. ఫ్రెంచివారి వ్రాతలో మరికార్ అయినది. 1967లో పుదుచ్చేరి ముఖ్యమంత్రియైన ఎం.ఓ.హెచ్. ఫరూక్ పేరు చివరనున్నది అదియే.

ఇది అరబ్బీ పదమని పలువురి నమ్మకము. అరబ్బీలో ‘మర్కబ్’ అనగా ఓడ. ర-క-బ అను ధాతువునకు ఎక్కుట యని అర్థము, వాహనమెక్కినవాడు ‘రాకిబ్’. అరబ్బు వర్తకులు ఈ రేవులలో దిగి, ఇచటి స్త్రీలను వివాహమాడి స్థిరపడిరి గనుక ఆ నమ్మకము సహజమే. అయినను మర్కబ్ మరక్కాయర్ అగుటకు తుది బకారమేమైనదో, కకారమేల జడ్డక్కరమైనదో చెప్పవలసియుండును. తమిళ వ్యుత్పత్తికి ఆ చిక్కు లేదు. మట్టితో చేసినది మట్కలము, కుండ. మ్రానితో చేసినది మరక్కలము, ఓడ. కుమ్మరి పాత్రకును నావికుని పాత్రకును పేరొక్కటే! మరక్కలరాయర్, అనగా ఓడదొర, అరిగి అరిగి మరక్కాయర్ అయినదని ఒక పక్షము. నాకీ పక్షమే బలముగా కనబడుచున్నది.

ఇట్లనుట వారి వంశకథను తక్కువచేయుట యని కొందరు నొచ్చుకొందురు. పేరు వేరు, వంశము వేరు. మూలపురుషుడు అరేబియానుండి వచ్చియుండవచ్చును. అతని ఓడను చూచి పేరుపెట్టినవారు రేవులోని తమిళులు. మన ఇంటిపేరులు మాత్రము, ఎన్ని మనము పెట్టుకొన్నవి? వారి పొరుగువారైన రావుత్తరులనే చూడుడు. వారును ముస్లిములే, పేరు మాత్రము అరబ్బీ కాదు. అది మన రౌతు, గుర్రమెక్కినవాడు.