ఊదిన ఇంజను, పెంచిన ఇంజను

కమ్మరి కొలిమిలో ఇనుము కాగాలంటే బొగ్గు ఒక్కటే చాలదు; తిత్తి ఊదాలి. తిత్తి ఆగితే బొగ్గు ఎంత ఉన్నా నిప్పు మందగిస్తుంది. మోటారు ఇంజను కూడ ఒక కొలిమి వంటిదే. అందులో మండేది పెట్రోలు. మండించేది గాలిలోని ఆక్సిజను. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి, బరువులో సుమారు 15 పాళ్ళ గాలి కావాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. 2 లీటర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. నాలుగు ఘాతాల ఇంజను రెండు చుట్లకు ఒకసారి మాత్రమే గాలి పీల్చుకుంటుంది. కనుక నిమిషానికి అది పీల్చగలిగేది ఎక్కువలో ఎక్కువ 3,000 లీటర్లు. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. అంటే 3.6 కిలోగ్రాముల గాలి. దానితో మండించగల పెట్రోలు 240 గ్రాములు. ఇంతకన్న ఎక్కువ పెట్రోలు పోసినా ప్రయోజనం లేదు. అది మండక పొగగా పోతుంది. కాబట్టి శక్తి పెరగాలంటే లోపలికి పోయే గాలి పెరగాలి.

అందుకు చుట్లను పెంచడం గాక ముఖ్యమైన మార్గాలు రెండు కలవు. మొదటిది ఇంజనునే పెద్దది చేయడం. రెండవది ఉన్న ఇంజనులోనికే గాలిని ఒత్తి పంపడం. ఈ రెండవ పని చేసే సాధనమే సూపర్ ఛార్జరు. దీని పూర్వరూపం నిజంగా కొలిమి తిత్తియే. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన గాలియంత్రం లోహాలు కరిగించే కొలుములకు ఉపయోగపడింది. 8 అంకె ఆకారంలో ఉండే రెండు తిరుగుడు దిమ్మెలు అందులో గాలిని ముందుకు నెడతాయి. ఇంజనులోనికి గాలిని ఒత్తి పంపే ఆలోచనకు జర్మనీలో గాట్లీబ్ డైమ్లరు 1885లోనే పేటెంటు తీసుకున్నాడు.

ఈ రెండు మార్గాలలో ఏది మేలు? చరిత్రలో దీనికి ఒక్కొక్క చోట ఒక్కొక్క సమాధానం వచ్చింది.

మొదటి చోటు కొండశిఖరం. అమెరికాలోని పైక్స్ పీక్ ఎత్తు 14,100 అడుగులకు పైగా. 1918లో సాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు లిబర్టీ అనే విమానపు ఇంజనును ఆ శిఖరానికి తీసుకొనిపోయి పరీక్షించాడు. సముద్రమట్టంలో 350 అశ్వశక్తి ఇచ్చిన ఇంజను అక్కడ 230 మాత్రమే ఇచ్చింది. ఏలననగా ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలుచనవుతుంది. ఇంజను వెలుపలికి విడిచే వేడి వాయువులతో తిరిగే టర్బో అనే సాధనాన్ని జోడించగా శక్తి 356కు పెరిగింది. పెద్ద ఇంజను కూడ పలుచని గాలినే పీల్చాలి గదా! పైగా ఆ బరువును విమానం మోయాలి. ఆకాశంలో గెలుపు ఊదడానిదే.

రెండవ చోటు పందెపు బాట. ఇంగ్లండులో బెంట్లీ కంపెనీని 1919లో స్థాపించిన డబ్ల్యు. ఓ. బెంట్లీకి సూపర్ ఛార్జరు గిట్టేది కాదు. వేగం కావాలంటే సిలిండర్ల పరిమాణం పెంచాలనేదే ఆయన సిద్ధాంతం. ఆయన పెద్ద ఇంజను బండి ‘స్పీడ్ సిక్స్’. పరిమాణం 6,597 ఘన సెంటీమీటర్లు. కాని ఆ కంపెనీ పందెగాడే అయిన టిమ్ బర్కిన్ వేరొక దారి పట్టాడు. డొరతీ పాజెట్ అనే సంపన్న మహిళ ధనసహాయంతో, ఆంహర్స్ట్ విలియర్స్ రూపొందించిన సూపర్ ఛార్జరును 4,398 ఘన సెంటీమీటర్ల బెంట్లీ ఇంజను ముందు బిగించాడు. మామూలుగా 110 అశ్వశక్తి ఇచ్చే ఆ ఇంజను పందెపు రూపంలో 240 ఇచ్చింది. పందెపు స్పీడ్ సిక్స్ శక్తి సుమారు 200 మాత్రమే.

1930 జూన్‌లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో రెండు సిద్ధాంతాలూ ఎదురుపడ్డాయి. బర్కిన్ మెరుపువేగంతో నడిపి, ప్రత్యర్థి మెర్సిడెస్‌ను తరుముకొనిపోయాడు. కాని ఊదిన బెంట్లీలు రెండూ గమ్యం చేరలేదు. సూపర్ ఛార్జరే ఉన్న మెర్సిడెస్ కూడ రాత్రివేళ విరమించింది. మొదటి, రెండవ స్థానాలు స్పీడ్ సిక్స్‌లవే. అయితే అదే బర్కిన్ 1932లో ఒంటి ఆసనపు ఊదిన బెంట్లీతో బ్రూక్‌లాండ్స్ బాటపై గంటకు 137.96 మైళ్ళ వేగంతో ఒక చుట్టు తిరిగి రికార్డు స్థాపించాడు. ఒక్క చుట్టుకు తిత్తి చాలింది. రాత్రింబవళ్ళ పరుగుకు పెద్ద కొలిమి నిలిచింది.

కారణం విద్యార్థులకు తెలిసినదే. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కుతుంది. ఒత్తిన గాలి వేడెక్కడం ప్రకృతి ధర్మం. ఆ వేడికి తోడు, ఎక్కువ ఇంధనం మండిన వేడి పిస్టన్ల మీద, కవాటాల మీద పడుతుంది. చిన్న ఇంజనుచేత పెద్ద పని చేయిస్తే ఆ భారం దాని అవయవాలే భరించాలి.

మూడవ చోటు రోడ్డు లేని నేల. 1948లో వెలువడిన లాండ్ రోవరు బండి ఇంజను 1,595 ఘన సెంటీమీటర్లే. సుమారు 50 అశ్వశక్తి. బురదలో, రాళ్ళలో వేగం కన్న తక్కువ చుట్ల వద్ద చక్రాన్ని తిప్పే బలం ముఖ్యం. అందుకని కంపెనీ మొదట పెద్ద ఇంజను దారినే పోయింది: క్రమంగా 1,997, 1958లో 2,286, చివరకు 1979లో 3,528 ఘన సెంటీమీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను. బలం వచ్చింది గాని పెట్రోలు ఖర్చు పెరిగింది. పెద్ద ఇంజను పెడితే గేర్లు, ఇరుసులు, బ్రేకులు, నీటి రేడియేటరు అన్నీ దానికి తగినట్లు ఉండాలి.

1986లో కంపెనీ దారి మళ్ళింది. 2,495 ఘన సెంటీమీటర్ల డీజిలు ఇంజనుకు టర్బో జోడించి 85 అశ్వశక్తి సాధించింది. 1989లో డిస్కవరీ బండిలో అంతే పరిమాణం గల కొత్త ఇంజను 111 ఇచ్చింది. టర్బో ఒత్తిన గాలిని సిలిండరులోనికి పోకముందే చల్లార్చడం ఇందుకు ఒక ముఖ్యకారణం. చల్లని గాలి చిక్కన. కనుక అంతే చోటులో ఎక్కువ ఆక్సిజను పడుతుంది, పిస్టన్లకు వేడి బాధా తగ్గుతుంది. 1930 నాటి ఊదిన బెంట్లీని పీడించిన వేడికి ఇది ఒక మందు.

అయినా ఏ మార్గమూ ఉచితం కాదు. పెద్ద ఇంజను తన మూల్యాన్ని బరువులోను, ఇంధనంలోను వసూలు చేస్తుంది. ఊదిన ఇంజను వేడిలోను, అరుగుదలలోను వసూలు చేస్తుంది. పాత బండికి బలం పెంచదలచినవారు ముందుగా అడుగవలసిన ప్రశ్న ‘ఎన్ని అశ్వశక్తులు?’ అన్నది కాదు. ఆ బండి ఎంత ఎత్తున, ఎంతసేపు, ఎట్టి నేలపై పనిచేయాలి అన్నది. కమ్మరి కూడ మేకు సాగదీయడానికి ఒక కొలిమి, బండిచక్రపు కమ్మీ కాల్చడానికి వేరొక కొలిమి వాడుతాడు గదా!